పశువుల కొట్టంలోకి గుర్రం వస్తే: పల్లె కుటుంబానికి మార్గదర్శి

పాడి ఉన్న ఇంటికి గుర్రాన్ని సాకడం పెద్ద పనిగా కనిపించదు. కొట్టం ఉంది, గడ్డివాము ఉంది, కోడి కూయకముందే లేచి చాకిరీ చేసే అలవాటూ ఉంది. గుర్రాలకు మన పల్లెల్లో వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం సరిగ్గా ఈ ధీమానే. ఆవుకు పెట్టే దాణా గుర్రం ప్రాణం తీయవచ్చు. ఎద్దును కట్టినట్టు మెడకు పలుపు వేసి కడితే అది బెదిరి వెనక్కి గుంజుకుని మెడ దెబ్బతీసుకోవచ్చు. గేదెకు గొట్టంతో మందు పోసినట్టు పోస్తే ఆ మందు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అందుకే పశువుల దగ్గర నేర్చుకున్నదాంట్లో ఏది పనికొస్తుందో, ఏది గుమ్మం బయటే వదిలేయాలో ముందు తేల్చుకోవాలి.

అడిగి తెలుసుకుందామంటే చెప్పేవాళ్ళు తగ్గిపోయారు. 2012 పశుగణనలో దేశం మొత్తం మీద ఆరు లక్షలకు పైగా ఉన్న గుర్రాలు, పొట్టి గుర్రాలు 2019 గణన నాటికి 3.4 లక్షలకు పడిపోయాయి. పాడేరు మన్యంలో రోడ్డు లేని కొండ ఊళ్ళలో ఇప్పటికీ గుర్రం మీద సరుకులు మోసుకెళ్ళే కుటుంబాలున్నాయి. మైదానంలో మాత్రం పెళ్ళి గుర్రాలవాళ్ళూ, పందెపు గుర్రాల దగ్గర పనిచేసి వచ్చినవాళ్ళూ తప్ప ఈ విద్య తెలిసినవారు అరుదు.

మొదటి అడుగు: ఇంట్లో తేల్చుకోవలసిన మాటలు

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని ఊరికే అనలేదు. పాడి గేదె తన తిండి ఖర్చు తానే సంపాదించుకుంటుంది, గుర్రం సంపాదించదు. చక్కగా చూసుకుంటే పాతికేళ్ళు, ముప్పై ఏళ్ళు బతుకుతుంది. పదేళ్ళ పిల్ల ముచ్చటపడిందని కొన్న గుర్రం ఆ పిల్ల పెళ్ళయి వెళ్ళిపోయాక కూడా కొట్టంలోనే ఉంటుంది. అప్పుడు లద్దె ఎత్తేది అమ్మా, తాతయ్యా, జీతగాడా? ఇది కొనకముందే మాట్లాడుకోవాలి.

గుర్రం బరువు తెలిస్తే తిండి లెక్క తేలుతుంది. ముందు కాళ్ళ వెనకగా ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిరుదు చివర దాకా పొడవు సెంటీమీటర్లలో తీసుకోండి. చుట్టుకొలతను దానితోనే గుణించి, మళ్ళీ పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే దాదాపుగా కిలోలు వస్తాయి. చుట్టుకొలత 160, పొడవు 155 ఉంటే 334 కిలోలు. అందులో రెండు శాతం, అంటే ఏడు కిలోలకు కాస్త తక్కువ, రోజుకు కావలసిన ఎండు మేత. ఏడాదికి రెండున్నర టన్నులకు దగ్గర. అంత గడ్డి వానకు తడవకుండా పెట్టుకునే చోటు మీకుందా అన్నది గుర్రం ధర కంటే ముఖ్యమైన ప్రశ్న.

ఇంకో రెండు విషయాలు చూసుకోండి. మీ మండలంలోని పశువైద్యుడు గుర్రాలను చూస్తారా? వెళ్ళి మొహమాటం లేకుండా అడగండి. అనుభవం లేదంటే దగ్గర్లోని పశువైద్య కళాశాల ఎంత దూరమో తెలుసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి. తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు. రెండోది తోడు. గుర్రం గుంపులో బతికే జంతువు. ఒంటరిగా కట్టేస్తే కర్ర కొరుకుతుంది, ఉన్నచోటే అటూ ఇటూ ఊగుతుంది, మనుషుల మీద చిరాకు పడుతుంది. రెండో గుర్రం కొనే స్తోమత లేకపోతే గాడిదో, మేకో, కనీసం ఎదురుగా కనిపించే ఆవో ఉండాలి.

రెండో అడుగు: కొనడం

మనకు అందుబాటులో ఉన్న పెద్ద సంతలు మహారాష్ట్రలోనే ఉన్నాయి. నాందేడ్ జిల్లా మాలేగావ్‌లో ఖండోబా జాతర డిసెంబరు, జనవరి ప్రాంతంలో జరుగుతుంది. తపతి ఒడ్డున సారంగ్‌ఖేడాలో దత్త జయంతికి గుర్రాల సంత పెడతారు. అక్కడ ఎక్కువగా కనిపించేవి మార్వాడీ, కాఠియావాడీ జాతులు, వాటి సంకరాలు. చెవుల కొనలు లోపలికి వంగి ఒకదానికొకటి తాకబోతున్నట్టుంటే ఆ రక్తమని గుర్తు. ఎండకు, గట్టి నేలకు తట్టుకుంటాయి. పందేలు మాని చౌకగా వచ్చే గుర్రాలు చూడ్డానికి అందంగా ఉంటాయి గానీ చర్మం పల్చన, ఉద్రేకం ఎక్కువ. మొదటిసారి గుర్రం పెంచే ఇంటికి అవి వద్దు.

పిల్లలతో పాటు పెరుగుతుందని గుర్రపుపిల్లను కొంటుంటారు. ఇంతకంటే పెద్ద పొరపాటు లేదు. ఏమీ తెలియని పిల్లల చేతికి ఏమీ తెలియని గుర్రాన్ని ఇస్తే ఇద్దరూ భయమే నేర్చుకుంటారు. ఎనిమిది నుంచి పదిహేనేళ్ళ మధ్య వయసుండి, చాలా మందిని మోసి, బ్యాండు మేళానికి కూడా అదరని ఆడ గుర్రమో, విత్తులు తీయించిన మగ గుర్రమో చూసుకోండి. విత్తులు తీయించని మగ గుర్రం పిల్లలున్న ఇంటికి పనికిరాదు.

వయసు పళ్ళు చెబుతాయి. ముందరి పాలపళ్ళు జతజతగా రెండున్నర, మూడున్నర, నాలుగున్నర ఏళ్ళకు ఊడి కొత్తవి వస్తాయి. ఐదేళ్ళకు నోరు నిండుతుంది. పైవరుసలో మూల పన్ను మీద చిగురు దగ్గర సన్నని గాడి మొదలైతే పదేళ్ళు, సగం దాకా దిగితే పదిహేను, చివరిదాకా దిగితే ఇరవై. ఏడాదో రెండేళ్ళో అటూ ఇటూ అవుతుంది గానీ పదిహేనేళ్ళ గుర్రాన్ని ఏడేళ్ళదని అంటగడుతుంటే పట్టుకోవడానికి ఇది చాలు.

సంతలో సుళ్ళు చూసి, నుదుటి బొట్టు చూసి ధర కట్టేవాళ్ళు ఉంటారు. ఆ శాస్త్రం వాళ్ళకే వదిలేసి మీరు నాలుగు గిట్టలూ ఎత్తి చూడండి. గట్టి నేల మీద నడిపించి, దుడుకు నడకలో తోలించి, ఒక ముందు కాలు నేలకు ఆనినప్పుడల్లా తల పైకి ఎగురుతోందేమో గమనించండి. ఎగిరితే ఆ కాలు కుంటుతున్నట్టే. బేరం కుదిరినా డబ్బు మొత్తం ఇవ్వకముందు గ్లాండర్స్‌కు రక్త పరీక్ష చేయించాలి. ముక్కు నుంచి చీము, చర్మం మీద గడ్డలు, పుళ్ళు దాని లక్షణాలు, పైకి ఏమీ కనిపించకుండా కూడా ఉండవచ్చు. ఇది మనుషులకూ సోకుతుంది. ఉందని తేలిన గుర్రాన్ని చట్టప్రకారం చంపేయాల్సిందే. ఈ రోగ నిర్ధారణలో దేశానికి పెద్ద దిక్కు హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం. మీ పశువైద్యుడు నమూనా తీసి పంపించే ఏర్పాటు చేస్తారు. గుర్రాన్ని లారీలో ఎక్కించేటప్పుడు పశువైద్యుడి ఆరోగ్య ధ్రువపత్రం వెంట ఉండాలి.

బయల్దేరే ముందు అమ్మినవాళ్ళ దగ్గర వారం పది రోజులకు సరిపడా పాత మేత అడిగి తెచ్చుకోండి. ఎందుకో తిండి దగ్గర చెబుతాను.

మూడో అడుగు: చోటు

మూల నుంచి మూలకు తిరిగి పడుకోగలిగేలా పన్నెండు అడుగుల చదరం గది కావాలి. కప్పు కనీసం పదడుగుల ఎత్తుండాలి. తాటాకు కప్పు అన్నిటికంటే చల్లన. రేకులే వేస్తే వాటి మీద గడ్డి పరచాలి. కింద షాబాద్ బండలు వేయకండి. మూత్రం పడితే గిట్ట జారి కాలు విరుగుతుంది. దిమ్మిస చేసిన మట్టి నేల మీద వరి ఊకో, రంపపు పొట్టో, ఎండుగడ్డో పరిస్తే సరి. ఊకలో దుమ్ము ఉంటే కాస్త నీళ్ళు చిలకరించాలి.

కంచెకు ముళ్ళతీగ వద్దే వద్దు. ఆవు తీగకు చిక్కుకుంటే నిలబడి అరుస్తుంది. గుర్రం పెనుగులాడి కాలి చర్మం ఎముక దాకా ఒలుచుకుంటుంది. సరుగుడు కర్రలు అడ్డంగా కట్టడమో, తెల్లటి పట్టీతో సోలార్ కంచో మంచిది. రోజులో వీలైనంత సేపు ఆ కంచె లోపల విడిగా తిరగనివ్వండి. కట్టక తప్పనప్పుడు మెడకు పలుపు కాకుండా తలకు హాల్టర్ (ముక్కు మీదుగా, చెవుల వెనకగా పట్టే తలకట్టు) వేసి, మెడ మొదలు ఎత్తులో, మూరెడు తాడు వదిలి, ఒక్క గుంజుతో ఊడే ముడితో కట్టాలి. ఆ ముడి ఇంట్లో అందరికీ రావాలి. తాడును చేతికి చుట్టుకోకూడదని ఆ రోజే నేర్పాలి.

నాలుగో అడుగు: తిండి

ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఆగుదాం, పశువుల అలవాటు ఎక్కువ నష్టం చేసేది ఇక్కడే.

ఆవుకు నాలుగు గదుల పొట్ట, నెమరు. గుర్రానికి రెండూ లేవు. దాని పొట్ట చిన్నది, పది పదిహేను లీటర్లకు మించి పట్టదు. తిన్నది పడకపోతే వాంతి చేసుకోలేదు. కడుపులో ఆమ్లం రాత్రీ పగలూ ఊరుతూనే ఉంటుంది. దాన్ని చల్లార్చే లాలాజలం నమిలినప్పుడే వస్తుంది. కాబట్టి ఉదయం ఒక మోపు, సాయంత్రం ఒక మోపు వేసి ఊరుకునే పాడి పద్ధతి కుదరదు. రోజు మేతను నాలుగైదు భాగాలు చేసి, అన్నిటికంటే పెద్ద భాగం రాత్రి పడుకోబోయే ముందు వేయాలి.

మేతల్లో గరికకు సాటి లేదు. పొలం గట్ల మీద కోసి ఆరబెట్టుకోండి. ముదిరాక కోసి ఎండబెట్టిన జొన్న చొప్పా మంచిదే. పచ్చి జొన్న, సూడాన్ గడ్డి మాత్రం మేపకండి. రోజూ మేస్తే మూత్రాశయం దెబ్బతిని వెనక కాళ్ళు తూలతాయి. వేరుశనగ కట్టె బలమే గానీ వేళ్ళకున్న ఇసుక దులపకుండా వేస్తే అది పేగుల్లో పేరుకుంటుంది. వరిగడ్డిలో సారం తక్కువ. అదొక్కటే వేస్తే కడుపు గట్టిపడుతుంది. ఇప్పుడు ప్రతి పాడి రైతు గట్టు మీదా ఉన్న సూపర్ నేపియర్ సంగతికొస్తే, అందులోని ఆక్జలేట్లు అనే లవణాలు సున్నాన్ని, అంటే కాల్షియాన్ని, ఒంటికి పట్టనివ్వవు. నెలల తరబడి అదే మేపితే గుర్రం ముఖం ఎముకలు ఉబ్బుతాయి, కాళ్ళు కుంటుతాయి. తవుడు ఎక్కువగా పెట్టినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే తవుడులో భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ. నేపియర్ తప్ప గతి లేకపోతే సగానికి సగం వేరే మేత కలిపి, లూసర్న్ జోడించి, కాల్షియం పొడి ఎంత కలపాలో వైద్యుణ్ణి అడగండి.

గుర్రమంటే ఉలవలే గుర్తొస్తాయి మనకు. తేలికపాటి పని చేసే గుర్రానికి మంచి గడ్డి ఉంటే ఉలవలు అక్కర్లేదు కూడా. పెట్టాలనుకుంటే నానబెట్టి ఉడికించిన గుగ్గిళ్ళు రోజుకు కిలో దాటకుండా, రెండు పూటలకు పంచి పెట్టండి. ఎదురుగా ఉప్పు గడ్డ ఎప్పుడూ ఉండాలి.

ఇక కొట్టం తలుపు మీద రాసి పెట్టుకోవలసినవి. కోళ్ళ దాణా, కొన్ని పశువుల దాణాల్లో మోనెన్సిన్ వంటి మందులు కలుస్తాయి. అవి గుర్రం గుండె కండరాన్ని దెబ్బతీస్తాయి, కొద్ది మోతాదే ప్రాణం తీస్తుంది. బూజు పట్టిన మొక్కజొన్న మెదడును కరిగిస్తుంది. ఆవులకు పారేసినట్టు దీనికి పారేయకూడదు. యూరియా కలిపిన గడ్డి వద్దు. సుబాబుల్ ఆకు మేస్తే జూలు, తోక వెంట్రుకలు ఊడిపోతాయి. ఆముదం గింజలు, గన్నేరు ఆకులు విషం. గుర్రం తిరిగే చోట ఇంటి అందానికి నాటిన గన్నేరు చెట్టుంటే కొట్టేయండి.

నాయనమ్మల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. పండగ పూట మిగిలిన పులిహోర, పరమాన్నం కొట్టంలోకి తీసుకెళ్ళడం వాళ్ళకు ఆనందం. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. ఆ పని తీసేయకుండా మార్చండి. రోజూ సాయంత్రం ఒక క్యారెట్టును నిలువుగా చీల్చి గిన్నెలో వేసి పెట్టే హక్కు వాళ్ళదే అనండి.

మేత మార్చాల్సి వస్తే పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెంగా కలుపుతూ వారం పది రోజుల్లో మార్చాలి. గడ్డిని అరిగించేది పెద్దపేగులోని సూక్ష్మజీవులు. హఠాత్తుగా మేత మారితే అవి తట్టుకోలేవు. సంత నుంచి పాత మేత తెచ్చుకోమన్నది ఇందుకే.

ఐదో అడుగు: నీళ్ళు, ఎండ

మామూలు రోజుల్లో పాతిక నుంచి నలభై లీటర్లు, మే నెలలో అంతకంటే ఎక్కువ. తొట్టి ఎప్పుడూ నిండుగా ఉండాలి, పాచి కడగాలి. వేసవిలో స్వారీ తెల్లవారుజామునే ముగించండి. మధ్యాహ్నం ఒళ్ళు కాలిపోతూ ఆయాసపడుతుంటే నీడకు తెచ్చి, ఒళ్ళంతా చల్లటి నీళ్ళు ఆపకుండా పోస్తూ ఉండండి. వేడి ఒంటి మీద చల్లనీళ్ళు పోస్తే కాళ్ళు పట్టేస్తాయన్న మాట నమ్మకండి. కోస్తా ఉక్కపోతలో కొన్ని గుర్రాలకు చెమట పట్టడమే ఆగిపోతుంది. పరుగు తర్వాత కూడా ఒళ్ళు పొడిగా, ముక్కుపుటాలు ఎగరేస్తూ ఉంటే ఆ రోజే వైద్యుడికి చెప్పండి.

ఆరో అడుగు: గిట్టలు

రోజూ స్వారీకి ముందూ తర్వాతా నాలుగు గిట్టలూ ఎత్తి శుభ్రం చేయాలి. భుజం పక్కన తోక వైపు తిరిగి నిలబడి, అరచేతిని భుజం నుంచి కాలి వెంట కిందికి జార్చండి. మడమ దగ్గర కొద్దిగా నొక్కితే అలవాటైన గుర్రం తానే కాలెత్తుతుంది. గిట్టను ఒక చేత్తో పట్టుకుని, మొండి కొక్కేన్ని మడమ నుంచి కొనకు లాగాలి, ఎప్పుడూ మీ వైపు కాదు. మధ్యలో మెత్తటి త్రికోణం కనిపిస్తుంది. దాని రెండు పక్కల గాళ్ళలోనే రాయి ఇరుక్కునేది. అక్కడ నల్లగా మెత్తబడి కుళ్ళు వాసన వస్తే నేల తడిగా ఉందని అర్థం. మందు కంటే ముందు పడక మార్చండి. గిట్టల మీద చేయి వేసినప్పుడు వేడిగా తగిలి, గుర్రం బరువంతా వెనక్కి వేసి నిలబడుతుంటే ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి పిలవాలి. దాణా బస్తాలో మూతి పెట్టి మెక్కిన మర్నాడు కనిపించే జబ్బు ఇది.

ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించాలి. ఎద్దులకు లాడాలు కొట్టేవాళ్ళతో చేయించకండి. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది, దాన్ని పడేసి కట్టి కొడతారు. గుర్రం నిలబడి ఉండగా ఒకే వంపు లాడం కొట్టాలి, మేకు ఒక్క నూలు లోపలికి పోయినా కుంటు. పెళ్ళి గుర్రాలవాళ్ళను అడిగితే ఆ పనివాళ్ళ ఫోను నంబరు దొరుకుతుంది. మెత్తటి నేల మీద తిరిగే ఇంటి గుర్రానికి లాడాలు అవసరం కాకపోవచ్చు. చెక్కడం మాత్రం తప్పదు.

ఏడో అడుగు: పిల్లలు

గుర్రానికి తన నుదుటికి సూటిగా ఎదురున్నదీ, తోక వెనకున్నదీ కనిపించవు. కాబట్టి పిల్లలు పేరు పెట్టి పిలుస్తూ భుజం వైపు నుంచి రావాలి. చెవులు వెనక్కి వాల్చి తలకు అంటించిందంటే కోపం. మొదటి నెల స్వారీ లేకుండా మాలీషు, గిట్టలు, లద్దె ఎత్తడం మాత్రమే చేయించండి. ఆ నెల దాటాక కూడా గుర్రం మీద మోజు తగ్గని పిల్లలకే జీను ఎక్కే వంతు. కొట్టంలో పదేళ్ళలోపు పిల్లలు పెద్దవాళ్ళు లేకుండా అడుగు పెట్టకూడదు.

తలకు గట్టి హెల్మెట్, కాలికి మడమ ఉన్న బూటు లేనిదే ఎక్కనివ్వద్దు. చెప్పులతో ఎక్కితే పాదం రికాబులోంచి జారి ఇరుక్కుంటుంది, పడితే గుర్రం ఈడ్చుకుపోతుంది. రౌతు, జీను బరువు కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదు. ఇందాకటి 334 కిలోల గుర్రం అరవై ఆరు కిలోలే మోయాలి. చుట్టాలబ్బాయి ఎనభై కిలోలుంటే ఎంత బతిమాలినా పక్కన నిలబడి ఫోటో దిగాల్సిందే.

దీపావళి టపాసులు, వినాయక నిమజ్జనం డీజేలు ఉన్న రోజుల్లో గుర్రాన్ని పొద్దుగూకక ముందే లోపలికి చేర్చి, ఎదురుగా గడ్డి నిండుగా వేసి, అది నమ్మే మనిషి ఒకరు దగ్గరుండాలి.

ఎనిమిదో అడుగు: జబ్బు కనిపెట్టడం

ఒళ్ళు బాగున్న రోజునే కొలతలు నేర్చుకోండి. దవడ ఎముక కింది అంచున వేళ్ళు పెడితే నాడి దొరుకుతుంది. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించాలి. నిమిషానికి 28 నుంచి 44 మామూలు. ఊపిరి 8 నుంచి 16. ఒంటి వేడి 99.5 నుంచి 101.5 ఫారన్‌హీట్ దాకా సహజం. డొక్కకు చెవి ఆనించి వింటే లోపల గుడగుడలు వినిపించాలి, రెండు వైపులా.

కడుపునొప్పే గుర్రాల పాలిట పెద్ద గండం. మేత ముట్టదు, ముందు కాలితో నేల గీరుతుంది, మాటిమాటికీ తన డొక్క వైపు చూసుకుంటుంది, పడుకుని దొర్లుతుంది, లద్దె వేయదు. మేత తీసేసి వైద్యుడికి ఫోను చేయండి. నాడి, చిగుళ్ళ రంగు, చివరిసారి లద్దె వేసిన వేళ చెప్పండి. నాడి అరవై దాటితే అత్యవసరం. దొర్లి దెబ్బ తగిలించుకునేలా ఉంటే మెల్లగా నడిపించండి. గొట్టంతో నూనె, వాము నీళ్ళు పోయకండి. వైద్యుడైతే ముక్కులోంచి పొట్టలోకి గొట్టం దింపి పోస్తారు. మనం పోస్తే అది దారి తప్పుతుంది.

వానలు పడ్డాక జోరీగలు పెరిగే కాలంలో వచ్చి పోయే జ్వరం, పొట్ట కింద నీరు, రోజురోజుకూ బక్కచిక్కడం కనిపిస్తే సర్రా (జోరీగలు అంటించే రక్తంలోని పరాన్నజీవి జబ్బు) అని అనుమానించి రక్తం పరీక్ష చేయించాలి. ఏటా ధనుర్వాతం టీకా తప్పదు. మేకు గుచ్చుకున్న చిన్న గాయంతోనే గుర్రాలు ఆ రోగంతో పోతాయి. వీధి కుక్కలున్న ఊళ్ళో రేబిస్ టీకా కూడా వేయించండి. నులిపురుగుల మందు క్యాలెండరు చూసి కాకుండా లద్దె పరీక్ష చూసి వేయడం మేలు. ఈగలు తగ్గాలంటే లద్దె ఏ రోజుది ఆ రోజు కొట్టానికి దూరంగా కుప్ప వేయండి. మాగితే కూరగాయల మడులకు చక్కటి ఎరువు.

తొమ్మిదో అడుగు: ఊరికి వెళ్ళాల్సి వస్తే

సంక్రాంతికో, పెళ్ళికో ఇంటిల్లిపాదీ బయల్దేరే రోజు వస్తుంది. పాలు పితికే మనిషికే అప్పజెప్పి వెళ్ళడం సులువు, ప్రమాదమూ అందులోనే ఉంది. ఆయనకు పశువులు తెలుసు కాబట్టి జాలిపడి తవుడు కుడితి పెడతాడు. రెండు రోజుల ముందు నుంచే మీ పక్కన ఉంచుకుని, ఏ పూటకు ఎంత గడ్డో తూకం వేసి చూపించండి. గోడ మీద ఒక కాగితం అతికించండి. అందులో మేత లెక్క, పెట్టకూడనివి, కడుపునొప్పి గుర్తులు, వైద్యుడి నంబరు, సంచార పశువైద్య సేవల 1962 నంబరు ఉండాలి. దాణా బస్తాలున్న గదికి తాళం వేయండి, కానీ తాళంచెవి మీతో పట్టుకెళ్ళకండి. గేదెలకూ తిండి కావాలి కదా.